సర్వీసు సందేహాలు: సెలవు, సస్పెన్షన్, ఆసుపత్రి బిల్లు, అవుట్‌సోర్సింగ్ పీఎఫ్

(ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగులకు మూల నిబంధనలు చాలావరకు ఒకటే. 1933 సెలవు నిబంధనలు, ఫండమెంటల్ రూల్స్, 1991 సీసీఏ (క్రమశిక్షణ చర్యల) నిబంధనలు రెండు చోట్లా నడుస్తున్నాయి.)

ప్రశ్న: నాకు పన్నెండేళ్ల సర్వీసు నిండింది. వెన్ను నొప్పికి డాక్టరు 45 రోజుల విశ్రాంతి రాశారు. "నీ ఖాతాలో మెడికల్ లీవ్ అంటూ ఏమీ లేదు, ఈఎల్ (ఆర్జిత సెలవు) పెట్టుకో" అంటున్నారు మా సూపరింటెండెంటు గారు. ఈఎల్ వాడేస్తే రిటైరయ్యేటప్పుడు నష్టం కదా? దారేమిటి?
– జూనియర్ అసిస్టెంట్, కర్నూలు జిల్లా

జవాబు: మీ సూపరింటెండెంటు గారి మాటలో సగం నిజం. ఆ పేరుతో విడి ఖాతా లేదు. ఉన్నది అర్ధవేతన సెలవు ఖాతా. నిండిన ప్రతి ఏడాది సర్వీసుకు 20 రోజుల చొప్పున అందులో జమ అవుతాయి. ఇంతవరకు ఏమీ వాడకపోతే మీకు 240 రోజులు ఉండాలి. వైద్య ధ్రువపత్రం పెట్టి దాన్ని పూర్తి జీతం సెలవుగా మార్చుకోవచ్చు. దీన్నే కమ్యూటెడ్ లీవ్ అంటారు. మార్చుకున్నప్పుడు ఖాతాలో రెట్టింపు తగ్గుతుంది. మీ 45 రోజులకు 90 రోజులు పోయి 150 మిగులుతాయి, జీతం మాత్రం పూర్తిగా వస్తుంది. మొత్తం సర్వీసులో ఇలా మార్చుకోగలిగేది 240 రోజులే. పెద్ద జబ్బు ఎప్పుడు వస్తుందో తెలియదు కాబట్టి చిన్న జ్వరాలకు దీన్ని ఖర్చు చేయకండి.

ఈఎల్ జోలికి పోకుండా ఉండాలన్న మీ ఆలోచన సరైనదే. రిటైరయ్యేటప్పుడు 300 రోజుల వరకు ఈఎల్‌ను పూర్తి జీతం లెక్కన నగదు చేసుకోవచ్చు. ఈఎల్ 300కి తగ్గితే ఆ లోటును అర్ధవేతన సెలవుతో పూడ్చుకునే వీలు కూడా ఉంది కానీ దానికి కట్టేది సగం జీతం లెక్కే.

దరఖాస్తులో "మెడికల్ లీవ్ కోరుతున్నాను" అని రాసి ఊరుకోవద్దు. "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు 45 రోజులు, వైద్య ధ్రువపత్రంపై కమ్యూటెడ్ లీవ్" అని తేదీలతో రాయండి. డాక్టరు ఇచ్చే పత్రంలో జబ్బు పేరు, విశ్రాంతి ఏ తేదీ నుంచి ఎన్ని రోజులన్నది, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఊరికే "విశ్రాంతి అవసరం" అని రాసిన కాగితాలే ఎక్కువగా వెనక్కి వస్తాయి. అనుమానం ఉంటే మంజూరు చేసే అధికారి రెండో వైద్య అభిప్రాయానికి పంపవచ్చు. ఆ అధికారం ఆయనకు ఉంది, దాన్ని వేధింపు అనుకోనక్కర్లేదు. తిరిగి చేరేరోజు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేకపోతే చేర్చుకోరు.

దరఖాస్తు ఇచ్చాక ఇన్‌వర్డ్ నంబరు రాసుకోండి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. మంజూరు ఉత్తర్వు వచ్చాక సర్వీసు రిజిస్టరులో ఆ 90 రోజుల తగ్గింపు ఎక్కిందో లేదో చూడండి. ఎక్కకపోతే మంచిదే కదా అనుకునేవాళ్లున్నారు. మంచిది కాదు. పింఛను కాగితాలు వెళ్లేటప్పుడు మంజూరు నమోదు కాని ఆ 45 రోజులు "గైర్హాజరు"గా తేలి, ఫైలు అక్కడే ఆగిపోతుంది. అనుమతి లేని గైర్హాజరు ఏడాది దాటితే రాజీనామా చేసినట్టుగా పరిగణించే నిబంధన కూడా ఉంది. మంజూరు లేకుండా ఇంట్లో ఉండటం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ప్రశ్న: నా ఈఎల్ ఖాతాలో 292 ఉన్నాయి. జనవరి 1న జమ కావాల్సిన 15 రోజులు వేయలేదు, "300 దాటుతుంది" అన్నారు. సరైనదేనా?
– సీనియర్ అసిస్టెంట్, వరంగల్

జవాబు: కాదు. ఖాతాలో నిల్వ 286 నుంచి 300 మధ్య ఉన్నప్పుడు ఆ 15 రోజులను వదిలేయకూడదు, పక్కన విడిగా చూపాలి. జూన్ 30 లోపు మీరు తీసుకునే ఈఎల్‌ను ముందు ఆ పదిహేనులోంచే తగ్గిస్తారు. మీరు 10 రోజులు వాడితే మిగిలిన 5 కలిసి ఖాతా 297 అవుతుంది. ఏమీ వాడకపోతే 307లో 7 రద్దయి 300 దగ్గర నిలుస్తుంది. వేయకుండా వదిలేస్తే మీరు తీసుకునే ఆ 10 రోజులూ నేరుగా 292లోంచి పోతాయి. జమ పేజీ సరిచేయమని రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: పంచాయతీ కార్యదర్శిని. సస్పెండై నాలుగు నెలలైంది. జీవనభృతి రెండు నెలలకే ఇచ్చారు. అందులో సొసైటీ అప్పు, పీఎఫ్ చందా, ఎల్ఐసీ అన్నీ కోసేశారు. రోజూ ఆఫీసుకు వచ్చి సంతకం పెట్టాలంటున్నారు. ఇంతవరకు చార్జిమెమో (ఆరోపణల పత్రం) ఇవ్వలేదు.
– నల్లగొండ జిల్లా

జవాబు: ఒక్క ఉత్తరంలో నాలుగు విషయాలున్నాయి.

ముందు భృతి సంగతి. మొదటి మూడు నెలలు అర్ధవేతన సెలవుకు వచ్చేంత మొత్తం, దానిపై డీఏ ఇవ్వాలి. మీ మూలవేతనం 40,000 అనుకుంటే 20,000, ఆ 20,000 మీద డీఏ. ఇంటి అద్దె భత్యం మాత్రం సస్పెన్షన్ నాటి జీతం లెక్కనే వస్తుంది. మూడు నెలలు దాటాక అధికారి సమీక్షించాలి. ఆలస్యానికి కారణం మీరు కాకపోతే భృతిని అందులో సగం వరకు పెంచవచ్చు, అంటే 20,000 కాస్తా 30,000 అవుతుంది. ఆలస్యం మీ వల్లే అయితే అంతే మేర తగ్గించవచ్చు. ఈ సమీక్ష దానంతట అది జరగదు. మూడో నెల చివర్లోనే "విచారణ ఆలస్యంలో నా పాత్ర లేదు, భృతి పెంచగలరు" అని మీరే అర్జీ ఇవ్వాలి.

రెండు నెలలకే ఆగిపోవడానికి ఎక్కువ సందర్భాల్లో కారణం ఒక చిన్న కాగితం. ఈ కాలంలో వేరే ఉద్యోగం గానీ వ్యాపారం గానీ చేయలేదని ప్రతి నెలా ధ్రువపత్రం ఇవ్వాలి. అది లేకుండా ట్రెజరీలో బిల్లు పాస్ కాదు. మీరు ఇస్తూనే ఉంటే ఇచ్చిన తేదీలన్నీ చూపి బకాయి అడగండి. భృతి ఆపి విచారణ నడిపితే ఆ విచారణే న్యాయస్థానంలో నిలవకపోవచ్చు. 1999లో పాల్ ఆంటోనీ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది.

ఇక కోతలు. ఆదాయపు పన్ను, ప్రభుత్వ క్వార్టరు అద్దె, ప్రభుత్వం నుంచి తీసుకున్న అప్పుల వాయిదాలు తప్పనిసరి కోతలు. ఎల్ఐసీ ప్రీమియం, సహకార సొసైటీ బాకీ మీరు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే కోయాలి. జీపీఎఫ్ చందా, కోర్టు జప్తు మొత్తాలు, ప్రభుత్వానికి జరిగిందంటున్న నష్టం రికవరీ భృతిలోంచి కోయకూడదు. ఒప్పుకోలు కాగితం మీరు ఇవ్వలేదని రాసి కోతలు ఆపమనండి. సొసైటీకి మాత్రం మీరే విడిగా కబురు చేయడం మంచిది, లేకపోతే వాళ్లు జామీనుదారు జీతం మీద పడతారు.

రోజూ సంతకం పెట్టాలన్న షరతు జీవనభృతికి లేదు. ఉత్తర్వులో చెప్పిన హెడ్‌క్వార్టర్ అనుమతి లేకుండా వదలకూడదు, అంతే. ఈ కాలంలో సెలవు మంజూరు చేయరు కాబట్టి ఆసుపత్రికి వేరే ఊరు వెళ్లాల్సివస్తే సెలవు దరఖాస్తు కాదు, హెడ్‌క్వార్టర్ వదలడానికి అనుమతి అర్జీ పెట్టండి.

చార్జిమెమో లేకుండా మూడు నెలలు దాటిన విషయానికి 2015 నాటి అజయ్ కుమార్ చౌదరి తీర్పు మీకు ఆధారం. చార్జిమెమో ఇవ్వకుండా సస్పెన్షన్‌ను మూడు నెలలకు మించి కొనసాగించకూడదని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. అలాగని తొంభైఒకటో రోజున సస్పెన్షన్ దానంతట అది రద్దయిపోతుందని అనుకుని డ్యూటీలో చేరబోవద్దు. తీర్పును చూపి సమీక్షకు అర్జీ ఇవ్వండి, జవాబు రాకపోతే హైకోర్టు. చార్జిమెమో వచ్చాక రాతపూర్వక జవాబుకు పది రోజుల గడువు ఉంటుంది. కాగితాలు చూడకుండా జవాబు రాయకండి, ముందు పత్రాల నకళ్లు అడిగి గడువు పెంచమని కోరండి.

తిరిగి చేర్చుకున్న రోజు చాలామంది సంబరంలో వదిలేసేది ఒకటుంది. సస్పెన్షన్ కాలాన్ని డ్యూటీగా లెక్కిస్తారా లేదా, జీతం ఎంత అన్నది ఉత్తర్వులో స్పష్టంగా ఉండాలి. "విచారణ తర్వాత నిర్ణయిస్తాం" అని ఉంటే ఆ నిర్ణయం వచ్చేదాకా గుర్తుచేస్తూనే ఉండాలి. లేకపోతే ఇంక్రిమెంటు, ప్రమోషన్, పింఛను మూడూ ఆ ఖాళీ దగ్గర చిక్కుకుంటాయి.

ప్రశ్న: మున్సిపాలిటీలో అవుట్‌సోర్సింగ్ కంప్యూటర్ ఆపరేటర్‌ని. జీతం 18,500. నెలనెలా పీఎఫ్, ఈఎస్‌ఐ కోస్తున్నారు. పీఎఫ్ పాస్‌బుక్‌లో ఆరు నెలలుగా ఏమీ పడలేదు. మధ్యలో ఏజెన్సీ మారింది. మార్చిలో నాకు కాన్పు. ఈఎస్‌ఐ ప్రసూతి భృతి వస్తుందా?
– ఏలూరు జిల్లా

జవాబు: వస్తుంది. వచ్చేలా చూసుకోవడానికి ఈ వారంలోనే కొన్ని పనులు చేయాలి.

ఈఎస్‌ఐ జీతం పరిమితి నెలకు 21,000. మీరు దాని లోపలే ఉన్నారు. మీ వాటా 0.75 శాతం, అంటే పైరూపాయికి సవరించి 139. యాజమాన్యం వాటా 3.25 శాతం, 602. ప్రసూతి భృతి 26 వారాలు, సగటు రోజు జీతం పూర్తిగా ఇస్తారు. ఇప్పటికే ఇద్దరు పిల్లలుంటే 12 వారాలే. అర్హతకు రెండు వరుస చందా కాలాల్లో కలిపి 70 రోజుల చందా ఉండాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒక చందా కాలం, అక్టోబరు నుంచి మార్చి ఇంకొకటి. మార్చి కాన్పుకు కిందటి ఏప్రిల్–సెప్టెంబరును, దానికి ముందరి అక్టోబరు–మార్చిని చూస్తారు. ఇక్కడ గమనించాల్సింది, చందా "కట్టి ఉండాలి" అని కాదు, "కట్టవలసి ఉండాలి" అన్నది నిబంధన. ఏజెన్సీ ఎగ్గొట్టిందని మీ భృతి ఎగ్గొట్టడానికి వీల్లేదు, ఆ బాకీని ఈఎస్‌ఐ కార్పొరేషనే వాళ్ల దగ్గర వసూలు చేసుకోవాలి. దానికి మీరు ఆ రోజుల్లో పనిచేశారన్న రుజువు కావాలి. జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు, హాజరు పట్టీ నకలు, మున్సిపాలిటీ ఇచ్చిన పని ధ్రువపత్రం దగ్గర పెట్టుకుని బ్రాంచి ఆఫీసుకు వెళ్లండి.

ఏజెన్సీ మారినప్పుడు ఈఎస్‌ఐ నంబరు మారకూడదు. కొత్తవాళ్లు హడావుడిగా కొత్త నంబరు తీసేస్తే మీ చందా రోజులు రెండు ముక్కలై, ఏ ముక్కలోనూ 70 నిండవు. మీకు రెండు నంబర్లు ఉన్నాయేమో వెంటనే చూడండి, ఉంటే కలపమని అర్జీ ఇవ్వండి. పీఎఫ్ యూఏఎన్ (ఉద్యోగం మారినా మారకూడని పీఎఫ్ నంబరు) విషయంలోనూ ఇదే తిప్పలు. పాస్‌బుక్ ఖాళీగా కనబడటానికి డబ్బు కట్టకపోవడం ఒక్కటే కారణం కాదు, కొత్త యూఏఎన్‌లో పడుతూ ఉండొచ్చు.

నిజంగానే కట్టలేదనుకుందాం. 15,000 పరిమితి మీద మీ వాటా 1,800, వాళ్ల వాటా మరో 1,800. వాళ్ల వాటాలో 1,250 పింఛను పథకానికి, 550 మీ ఖాతాకు వెళుతుంది. జీతం నెల ముగిశాక వచ్చే నెల 15లోపు కట్టాలి. ఏజెన్సీ కట్టకపోతే ప్రధాన యజమానిగా మున్సిపాలిటీ బాధ్యత వహించాలి. కాబట్టి ఏజెన్సీ సూపర్‌వైజరు చుట్టూ తిరగకుండా కమిషనరు గారికి అర్జీ పెట్టండి. "ఏజెన్సీ బిల్లు పాస్ చేసేముందు మా పేర్లున్న పీఎఫ్, ఈఎస్‌ఐ చలానా జాబితా తీసుకోండి" అని అందులో రాయండి. మొత్తం చలానా చూపించి బిల్లు తీసుకుపోయే ఏజెన్సీలు ఉంటాయి. పేర్లవారీ జాబితా అడిగితే ఆ ఆట సాగదు. అర్జీ నకలు జతచేసి పీఎఫ్ ఫిర్యాదుల పోర్టల్‌లో కూడా నమోదు చేయండి. ఒక్కరే వెళ్లకుండా అదే ఏజెన్సీ కింద ఉన్న పదిమందీ సంతకాలు పెట్టడం మేలు. పని తీసేస్తారన్న భయం ఊహ కాదని మాకూ తెలుసు.

ప్రశ్న: మా ఆఫీసులో ఒక అధికారి ప్రవర్తన భరించలేకుండా ఉంది. అసభ్య సందేశాలు పంపుతున్నారు. కమిటీ ఉందో లేదో కూడా తెలియదు. ఫిర్యాదు చేస్తే నన్నే బదిలీ చేస్తారేమో.
– ఉద్యోగిని, జిల్లా పేరు వద్దన్నారు

జవాబు: పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి ఆఫీసులో 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండి తీరాలి. అధ్యక్షురాలు సీనియర్ ఉద్యోగిని, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, ఒకరు బయటి వ్యక్తి. కమిటీ ఉత్తర్వు నకలు అడగండి. లేకపోయినా, ఆరోపణ ఆఫీసు అధిపతి మీదే అయినా జిల్లాలోని స్థానిక కమిటీకి నేరుగా ఇవ్వవచ్చు.

గడువు చివరి సంఘటన నుంచి మూడు నెలలు. సరైన కారణం చూపితే మరో మూడు నెలలు పొడిగిస్తారు. ఫిర్యాదు ఆరు ప్రతులు, సాక్షుల పేర్లు జతచేయాలి. సందేశాల స్క్రీన్‌షాట్లలో నంబరు, తేదీ, సమయం కనబడాలి. అసలు సందేశాలు ఫోన్‌లోంచి తీసేయొద్దు, ఫోన్ మార్చొద్దు.

బదిలీ భయం గురించి. విచారణ నడిచేటప్పుడు మీరు రాతపూర్వకంగా కోరితే మిమ్మల్ని గానీ అవతలి వ్యక్తిని గానీ మార్చమని, మీకు మూడు నెలల వరకు సెలవు ఇవ్వమని కమిటీ సిఫారసు చేయవచ్చు. ఆ సెలవు మీ ఖాతాలోంచి పోదు. "ఆయన్ని మార్చండి" అని అడగండి, మీరు కదలాల్సిన పని లేదు. మీ వార్షిక పనితీరు నివేదిక ఆయన రాయకుండా వేరొకరికి అప్పగించమని కూడా కోరవచ్చు. ఇది చాలామందికి తట్టదు, తర్వాత ప్రమోషన్ దగ్గర దెబ్బ తగిలేది మాత్రం ఇక్కడే. విచారణ 90 రోజుల్లో ముగియాలి, నివేదిక మరో పది రోజుల్లో ఇవ్వాలి, దానిపై చర్య 60 రోజుల్లో తీసుకోవాలి. "రాజీ పడండి" అని కమిటీ తనంతట తాను చెప్పకూడదు. మీరు అడిగితేనే రాజీ ప్రయత్నం, అదీ డబ్బు ప్రసక్తి లేకుండా.

ప్రశ్న: నా భార్యకు అత్యవసరంగా శస్త్రచికిత్స జరిగింది. దగ్గర్లోని ఆసుపత్రికి హెల్త్ కార్డు వర్తించదు. రీయింబర్స్‌మెంటు బిల్లు ఎలా పెట్టాలి?
– స్కూల్ అసిస్టెంట్, ప్రకాశం జిల్లా

జవాబు: డిశ్చార్జి అయిన రోజు నుంచి ఆరు నెలల్లోపు ప్రతిపాదన మీ డీడీఓకు (జీతాల బిల్లులు పెట్టే అధికారికి) అందాలి. అపెండిక్స్–2 దరఖాస్తు, ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ (ఆ చికిత్స, మందులు అవసరమేనని డాక్టరు ఇచ్చేది), ఎమర్జెన్సీ సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, అసలు బిల్లులు, ఇదివరకు ఈ మొత్తం తీసుకోలేదన్న నాన్‌డ్రాయల్ సర్టిఫికెట్, మీ మీద ఆధారపడినట్టు ధ్రువపత్రం కావాలి. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేరోజే ఎసెన్షియాలిటీ, ఎమర్జెన్సీ పత్రాలపై సంతకం, ముద్ర వేయించుకోండి. తర్వాత వెళితే ఆ డాక్టరు ఉండరు, గడువు కరిగిపోతుంది. బిల్లుల మొత్తం, ఎసెన్షియాలిటీలోని మొత్తం రూపాయి తేడా లేకుండా సరిపోవాలి. మందుల బిల్లుల్లో పౌడర్లు, సబ్బుల్లాంటివి ముందే తీసేసి కూడండి. స్క్రూటినీలో ప్యాకేజీ ధరకే పరిమితం చేస్తారు కాబట్టి కట్టినదంతా రాదు. పంపే ముందు మొత్తం కట్ట ఒక నకలు తీసి ఇంట్లో ఉంచుకోండి, ఇలాంటి కట్టలు దారిలో తప్పిపోవడం కొత్తేమీ కాదు.

ప్రశ్న: మా నాన్నగారు సర్వీసులో ఉండగా చనిపోయి ఎనిమిది నెలలైంది. తమ్ముడికి పదహారున్నరేళ్లు. అమ్మ ఉద్యోగం చేయలేదు. నాకు పెళ్లయింది. వాడికి కారుణ్య నియామకం వస్తుందా?
– సిద్దిపేట

జవాబు: మరణించిన తేదీ నుంచి ఏడాది లోపు దరఖాస్తు పడాలి. మైనరు అయితే మరణించిన రెండేళ్ల లోపు 18 నిండితే పరిగణించవచ్చు. మీ తమ్ముడికి ఇంకో పద్దెనిమిది నెలలు కావాలి. ఎనిమిదికి పద్దెనిమిది కలిపితే ఇరవై ఆరు, అంటే రెండు నెలలు దాటిపోతోంది. పుట్టినతేదీ పదో తరగతి ధ్రువపత్రంలో ఎలా ఉందో ఒకసారి రోజులతో సహా లెక్క వేయండి, "పదహారున్నర" అన్న ఉజ్జాయింపుతో నిర్ణయం తీసుకోవద్దు. లెక్క దాటితే గడువు సడలింపు మీద ఆశ పెట్టుకోవడం కన్నా, అమ్మగారికి వయసు, చదువు సరిపోతే మిగిలిన నాలుగు నెలల్లో ఆమె పేరునే దరఖాస్తు ఇవ్వండి. చదువు తక్కువైతే ఆఫీస్ సబార్డినేట్ స్థాయి పోస్టు అడగవచ్చు. పై పరిమితి జూనియర్ అసిస్టెంట్ స్థాయి.

మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబసభ్యుల ధ్రువపత్రం, ఇంట్లో సంపాదించేవారు వేరే లేరన్న ధ్రువపత్రం, మీరూ తమ్ముడూ అభ్యంతరం లేదని రాసిచ్చే పత్రం కావాలి. అమ్మగారు ఉద్యోగంలో చేరినా కుటుంబ పింఛను ఆగదు, దానిపై వచ్చే కరువు భత్యం మాత్రం ఆగుతుంది.

ప్రశ్న: ఆదివారాలు కూడా పనికి పిలుస్తున్నారు. బదులు సెలవు అడిగితే "తర్వాత చూద్దాం" అంటున్నారు. ఆలస్యమైతే మాత్రం వెంటనే సీఎల్ (సాధారణ సెలవు) కోస్తున్నారు.
– టైపిస్టు, విజయనగరం

జవాబు: నెలలో మూడు ఆలస్యాలకు ఒక సీఎల్ కోయడం నిబంధనే, పది నిమిషాల వెసులుబాటు పోను. సెలవురోజు పనికి పరిహార సెలవు కూడా నిబంధనే. ఏడాదికి పది వరకు, పనిచేసిన రోజు నుంచి ఆరు నెలల్లోపు వాడుకోవాలి. "తర్వాత చూద్దాం" అన్నమాటకు ఆరు నెలలు దాటితే అది పోయినట్టే. అందుకే నోటిమాటగా పిలిచినప్పుడు ఆదేశం కాగితం మీద గానీ ఆఫీసు గ్రూపు సందేశంలో గానీ అడగండి, ఆ రోజు హాజరు పట్టీలో సంతకం పెట్టండి. మరుసటి పనిదినమే "ఫలానా ఆదివారం పనిచేశాను, పరిహార సెలవు నమోదు చేయగలరు" అని రెండు వాక్యాల అర్జీ ఇవ్వండి.